కొయ్యలో నిలిచిన కాంకార్డ్

పెద్ద సంస్థల అధికారుల బల్లలపైన, విమాన టిక్కెట్లు అమ్మే కార్యాలయాల అద్దాల వెనుక ఒకప్పుడు తరచుగా కనిపించిన వస్తువు విమాన నమూనా. చూచేవారికి అది అలంకారం మాత్రమే. అది ఏ విమానమో చెప్పమంటే చాలమంది చెప్పలేరు. ఒక్క నమూనా విషయంలో ఈ ఇబ్బంది లేదు. సన్నగా సాగిన దేహం, ముందుకు పొడుచుకొని వచ్చిన వాడిమొన, దేహంలోనుండే విచ్చుకొన్నట్లుండే రెక్కలు, తోకవద్ద అడ్డరెక్క లేకపోవడం అనే ఈ గుర్తులు చూచి, విమానశాస్త్రం ఎరుగని బాలుడు సైతం అది కాంకార్డ్ అని చెప్పగలడు.

బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు కలిసి నిర్మించిన ఈ విమానం ధ్వనికి రెట్టింపు వేగంతో 1976 జనవరి నుండి 2003 అక్టోబరు వరకు ప్రయాణికులను చేరవేసినది. నిర్మించినవి మొత్తం ఇరవై. వాటిలో ఒకటి ప్రమాదంలో కాలిపోయినది. మరొకదానిని విడదీసి తుక్కు చేసినారు. మిగిలిన పద్దెనిమిది ఎక్కువగా మ్యూజియంలలో నేలమీద నిలిచి ఉన్నవి. ఆకాశంలో కాంకార్డ్ కనిపించి రెండు దశాబ్దాలు దాటినా దాని చెక్కబొమ్మల తయారీ ఆగలేదు. అసలు ఆ విమానం పుట్టకముందే దాని నమూనా పుట్టినది. విమానం ఎగిరినంతకాలం వెంట నడిచినది. విమానం పోయిన పిమ్మట తాను మిగిలినది. ఈ మూడు దశలలోను నమూనా చేసిన పని ఒకటి కాదు. కాంకార్డ్ చరిత్రను ఆ చిన్నబొమ్మ వైపునుండి చదివితే, మామూలుగా చెప్పుకొనే ఘనతల కథలో కనిపించని సంగతులు కొన్ని బయటపడతవి.

ముందుగా వస్తువును పరిశీలిద్దాం. అసలు విమానం పొడవు 61.66 మీటర్లు. రెక్కల కొననుండి కొనకు వెడల్పు 25.6 మీటర్లు. నూరవ వంతుకు తగ్గించి చేస్తే బొమ్మ పొడవు సుమారు 62 సెంటీమీటర్లు, వెడల్పు 26 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. సామాన్యమైన వ్రాతబల్లమీద చక్కగా ఇముడుతుంది. దేహం లావు మాత్రం మూడు సెంటీమీటర్లకు లోపే. బల్లమీది బొమ్మలో ముచ్చటగొలిపే ఈ సన్నదనం అసలు విమానంలో కూర్చున్నవారికి ఇరుకుగా తెలిసేది. లోపలి వెడల్పు 2.62 మీటర్లు. నడవకు అటు రెండు, ఇటు రెండు ఆసనాలు. మొత్తం ప్రయాణికులు నూరుమంది. అరచేతి వెడల్పుకు మించని కిటికీలు.

చేతిపని నమూనాలకు మహాగని వంటి సన్నని పోగుగల కలపను ఎంచుకొంటారు. ఫిలిప్పీన్స్ దేశంలో క్లార్క్ అనే అమెరికా వైమానిక స్థావరం పరిసరాలలో విమాన నమూనాలు చెక్కడం ఒక వృత్తిగా పెరిగినది. అక్కడి స్థావరం 1991లో మూతపడినప్పటికీ ఆ విద్య అంతరించలేదు. పని తీరు మన వడ్రంగులకు తెలియనిది కాదు. పటంలోని కొలతలను అట్టమీదికి దించి ఆకారాలు కత్తిరించుకొంటారు. బాగా ఆరిన దిమ్మెమీద వాటిని గీచి, రంపంతో కోసి, ఉలితో చెక్కి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్దుతారు. సందులకు లప్పం పెట్టి, ఆరనిచ్చి, మరల రుద్ది, రంగు వేస్తారు. చివరకు కిటికీల వరుస, సంస్థ పేరు, తోకమీది గుర్తు సన్నని కుంచెతో దిద్దుతారు.

సాధారణ ప్రయాణిక విమానాన్ని చెక్కడం అంత కష్టం కాదు. దేహాన్ని గుండ్రని కడ్డీగా తీర్చి, ప్రక్కలకు గాడి తీసి, రెక్క పలకలు దూర్చి అతికించవచ్చు. కాంకార్డ్ విషయంలో ఈ ఉపాయం సాగదు. దాని రెక్క ముందరి అంచు ఒక సరళరేఖ కాదు. మెడవద్ద లోపలికి వంగి, నడుమ బయటికి విచ్చుకొని, కొనవద్ద మరల వెనుకకు ఒదిగే ఒంపు అది. పైగా పలక చదునుగా ఉండక, ముందువైపు కొంచెం క్రిందికి వాలి, కొనవైపు సన్నగా మెలితిరిగి ఉంటుంది. రెక్క ఎక్కడ ముగిసి దేహం ఎక్కడ మొదలైనదో చెప్పడానికి వీలులేని ఆ కలయికను కంటితో చూస్తూ, వేలితో తడుముతూ గీయవలసిందే. ఒక ప్రక్క అరమిల్లీమీటరు ఎక్కువ పోయినా రెండు ప్రక్కలకు పొంతన చెడుతుంది. చౌకగా చేసిన కాంకార్డ్ బొమ్మలు మొదట విఫలమయ్యేది ఇక్కడే. అవి త్రికోణపు పలకమీద గొట్టం పెట్టినట్లుంటవి.

ఈ ఒంపు ఏ కళాకారుని ఊహనుండి వచ్చినది కాదు. 1956 నవంబరులో బ్రిటన్‌లో మోరియన్ మోర్గన్ అధ్యక్షతన ఒక సంఘం సమావేశమైనది. ధ్వనివేగాన్ని మించి ప్రయాణికులను తీసికొనిపోగల విమానం సాధ్యమా అన్నది దాని ముందున్న ప్రశ్న. మితిమీరిన వేగానికి సన్నని, కురుచ రెక్కలు కావాలి. అటువంటి రెక్కలు నెమ్మదిగా దిగేటప్పుడు విమానాన్ని మోయలేవు. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ పరిశోధనా సంస్థలో పనిచేస్తున్న డీట్రిష్ కూష్‌మన్, యోహన్నా వేబర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు దీనికి మార్గం చూపినవారిలో ముఖ్యులు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం బ్రిటన్‌కు వచ్చినవారు వారిద్దరు. సన్నని త్రికోణపు రెక్కను ముక్కు పైకెత్తి నడిపితే, వాడి అంచువద్ద గాలి విడివడి రెక్క పైభాగాన స్థిరమైన రెండు సుడులుగా తిరుగుతుంది. ఆ సుడులవల్ల పైన పీడనం తగ్గి, తక్కువ వేగంలో సైతం రెక్కకు కావలసిన ఎత్తుడుబలం లభిస్తుంది. అంటే ఒకే రెక్క రెండు పనులకూ చాలుతుంది. వేబర్ గణితం ఈ ఆలోచనకు పునాది. 2014లో నూట నాలుగేండ్ల వయస్సులో మరణించిన ఆ విదుషీమణి పేరు కాంకార్డ్ కథలలో వినిపించవలసినంతగా వినిపించదు.

కాగితంమీది లెక్క నిజమా కాదా అని తేల్చినది నమూనాయే. విండ్ టన్నెల్ అని పిలిచే గాలి సొరంగంలో చిన్న నమూనాలను నిలిపి, గాలిని వాటిమీదుగా పంపి, రెక్కల అంచులను మరల మరల మార్చి చూచినారు. తరువాత మనిషి ఎక్కి నడిపే నమూనా వంటి చిన్న విమానమే తయారైనది. హ్యాండ్లీ పేజ్ సంస్థ నిర్మించిన హెచ్.పి. 115 అనే ఆ ఏకాసన విమానం 1961 ఆగస్టు 17న ఎగిరినది. కాగితంతో పిల్లలు మడిచే బాణం వంటి రూపం దానిది. తక్కువ వేగంలో ఈ రెక్క పైలటు మాట వింటుందా అన్న సందేహాన్ని అది తీర్చినది. చంద్రునిమీద అడుగుపెట్టిన మరుసటి సంవత్సరం, 1970లో, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ దానిని నడిపి చూచినాడు. అధిక వేగపు పరీక్షలకు మరొక విమానాన్ని వాడినారు. 1956లో గంటకు వేయి మైళ్లు దాటి రికార్డు స్థాపించిన ఫెయిరీ డెల్టా 2కు కొత్త రెక్కలు తొడిగి, బి.ఏ.సి. 221 అనే పేరుతో 1964లో ఎగురవేసినారు. దాని రెక్క అంచు ఒంపు చూస్తే కాంకార్డ్ అప్పటికే కన్ను తెరచినట్లుంటుంది.

ఆ కాలంలోనే ఫ్రాన్సులోను ఇదే ఆలోచన నడుస్తున్నది. 1961 పారిస్ విమాన ప్రదర్శనలో సూడ్ ఏవియేషన్ సంస్థ తమ సూపర్ కారవెల్ నమూనాను ప్రదర్శించినది. బ్రిటన్‌లో బ్రిస్టల్ సంస్థ గీచిన పటానికి దానికి పోలికలు అధికం. ఖర్చు ఒక్క దేశం భరించగలిగినది కాదు. 1962 నవంబరు 29న ఉభయ ప్రభుత్వాలు ఒప్పందం చేసికొన్నవి. ఒక పక్షం మధ్యలో వైదొలగడానికి అందులో వీలు కల్పించలేదు. 1964లో వచ్చిన బ్రిటన్ లేబర్ ప్రభుత్వం ఈ పథకాన్ని విడిచిపెట్టదలచి కూడ విడువలేకపోవడానికి అది ముఖ్యకారణం. ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లు పెరిగినది.

పేరులోను కొంత పేచీ జరిగినది. సమైక్యత అనే అర్థంగల ఆ పదానికి ఫ్రెంచివారు చివర ‘ఇ’ అక్షరం వ్రాస్తారు, ఆంగ్లేయులు వ్రాయరు. డి గాల్ మీది కోపంతో బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్ తీసివేయించిన ఆ అక్షరాన్ని, 1967 డిసెంబరులో టూలూజ్‌లో తొలి విమానాన్ని బయటికి తెచ్చిన సందర్భాన, మంత్రి టోనీ బెన్ తిరిగి చేర్పించినాడు. తెలుగులో వ్రాసుకొనే మనకు ఈ తగాదాతో పని లేకపోయినది.

ఇక్కడినుండి నమూనా రెండవ ఉద్యోగంలో చేరినది. శాస్త్రజ్ఞుల గాలి సొరంగం విడిచి, అమ్మకందారుల చేతిసంచిలోకి వచ్చినది. ఇంకా ఎగురని విమానాన్ని ఎగిరినట్లే చూపడం దాని పని. కొనదలచిన సంస్థ రంగులు వేసి ఆ అధికారి బల్లమీద ఉంచితే, పటాలు, లెక్కల పట్టికలు చేయలేని పని అది చేయగలదు. తొలి విమానం బయటికి వచ్చేనాటికి పదహారు విమాన సంస్థలు తమకు కాంకార్డ్‌లు కేటాయించమని ముందస్తు హక్కులు తీసికొన్నవి. మొత్తం సంఖ్య డెబ్బై దాటినది. పాన్ అమెరికన్, టి.డబ్ల్యు.ఏ., క్వాంటాస్, జపాన్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా మొదలైనవి అందులో ఉన్నవి.

ఆ జాబితాలో ఎయిరిండియా కూడ ఉన్నది. జె.ఆర్.డి. టాటా అధ్యక్షతన నడుస్తున్న ఆ సంస్థ 1966లో రెండు కాంకార్డ్‌లకు హక్కు తీసికొన్నది. అప్పటి ఎయిరిండియా ధోరణికి ఇది విరుద్ధం కాదు. 1962 నాటికే ప్రొపెల్లర్ విమానాలను పూర్తిగా వదలి జెట్ విమానాలకు మారిన సంస్థ అది. 1972 జూన్‌లో రెండవ ప్రయోగాత్మక విమానమైన కాంకార్డ్ 002 తూర్పు దేశాలలో అమ్మకపు యాత్ర చేస్తూ బొంబాయిలో దిగినది. జపాన్, ఆస్ట్రేలియాల వరకు పోయిన ఆ యాత్రలో విమానాన్ని చూచి మెచ్చుకొన్నవారే గాని, సొమ్ము చెల్లించి కొన్నవారు లేరు.

బొంబాయికి ఆ విమానం ఎందుకు సరిపడలేదో పటం చూస్తే తెలుస్తుంది. లండన్ నుండి బొంబాయికి దూరం దగ్గర దగ్గర 7,200 కిలోమీటర్లు. నిండు ప్రయాణికులతో కాంకార్డ్ ఆగకుండ అంతదూరం పోలేదు. నడుమ ఇంధనానికి దిగవలసిందే. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ధ్వనివేగాన్ని మించిన విమానం వెంట ఉరుమువంటి పెనుశబ్దం నేలను తాకుతూ వస్తుంది. జనావాసాలమీద ఆ వేగాన్ని చాల దేశాలు ఒప్పుకొనలేదు. లండన్–బొంబాయి దారిలో అధికభాగం భూమి. సముద్రంమీద తప్ప తన వేగం చూపలేని విమానానికి అట్లాంటిక్ తగినది గాని, ఈ దారి తగినది కాదు. పైగా 1971లో ఎయిరిండియాకు బోయింగ్ 747 వచ్చినది. అది కాంకార్డ్‌కు మూడురెట్లకు మించి ప్రయాణికులను మోయగలదు. 1973 జనవరి 31న పాన్ అమెరికన్, టి.డబ్ల్యు.ఏ. తమ హక్కులు వదలుకొన్నవి. ఆ సంవత్సరాంతంలో చమురు ధర మండిపోయినది. 1975లో ఎయిరిండియా కూడ విరమించుకొన్నది. చివరకు కొన్నది ఆ రెండు దేశాల ప్రభుత్వ విమాన సంస్థలే. ప్రయాణికులను మోసినవి పద్నాలుగు విమానాలు.

సోవియట్ యూనియన్ తన టుపొలెవ్ 144ను కాంకార్డ్ కంటె రెండు నెలల ముందు, 1968 డిసెంబరు 31న, ఎగురవేసినది. అది ప్రయాణికులను మోసినది స్వల్పకాలమే. అమెరికా సంగతి మరీ విచిత్రం. కాంకార్డ్ కంటె పెద్దదిగా, వేగవంతంగా బోయింగ్ 2707 అనే విమానాన్ని తలపెట్టి, నిలువెత్తు కొయ్య నమూనాను సైతం నిర్మించినారు. 1971లో అమెరికన్ కాంగ్రెసు నిధులు నిలిపివేసినది. విమానం రాలేదు, కొయ్య నమూనా మిగిలినది. దానిని కొన్నాళ్లు ఫ్లోరిడాలో టిక్కెట్టు పెట్టి చూపించినారు. ఆ తరువాత దాని ముందుభాగం చేతులు మారుతూ కాలిఫోర్నియా మ్యూజియంకు, అక్కడినుండి సియాటెల్ మ్యూజియంకు చేరినది. అదే సియాటెల్ మ్యూజియంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి నిజమైన కాంకార్డ్ ఒకటి నిలిచి ఉన్నది.

నమూనాను చారిత్రక సాక్ష్యంగా స్వీకరించేవారు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటి ఉన్నది. బొమ్మమీది రంగు నిజం చెప్పకపోవచ్చు. పాన్ అమెరికన్ రంగులతో కాంకార్డ్ బొమ్మ కనిపిస్తే, ఆ సంస్థ కాంకార్డ్ నడిపినదని చూచినవాడు అనుకొనును. అది నడపనే లేదు. అమెరికాకు చెందిన బ్రానిఫ్ సంస్థ 1979–80లలో డాలస్–వాషింగ్టన్ మధ్య ఎయిర్ ఫ్రాన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలను నడిపినది. ధ్వనివేగానికి లోబడి నడిపినది. ఆ విమానాలమీద బ్రానిఫ్ రంగులు ఎన్నడూ పడలేదు. అయినను ఆ రంగుల చిత్రాలు, బొమ్మలు లోకంలో కనిపిస్తవి.

ఇందుకు ఎదురు ఉదాహరణ కూడ ఉన్నది. ఒకవైపు బ్రిటిష్ ఎయిర్‌వేస్ రంగులు, మరొకవైపు సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగులు గల నమూనా కనిపిస్తే ఎవరో పొరబడి చేసినారనిపిస్తుంది. అది అక్షరాలా నిజం. 1977 డిసెంబరులో లండన్–బహ్రెయిన్–సింగపూర్ మార్గంలో రెండు సంస్థలు కలిసి నడిపిన జి-బిఓఏడి అనే విమానానికి ఎడమప్రక్క ఒక రంగు, కుడిప్రక్క మరొకటి వేసినారు. మలేషియా తన గగనతలంలో అభ్యంతరం చెప్పడంతో మూడు రాకపోకలకే ఆ మార్గం ఆగినది. 1979లో మరల మొదలై 1980లో ముగిసినది. అలాగే నీలిరంగు కాంకార్డ్ బొమ్మ కూడ అబద్ధం కాదు. 1996లో పెప్సీ ప్రకటనకై ఎయిర్ ఫ్రాన్స్ విమానం ఒకదానికి ఆ రంగు వేసినారు. తెల్లరంగు వేడిని వెళ్లగొట్టినట్లు నీలం వెళ్లగొట్టదు. అందువల్ల ధ్వనికి రెట్టింపు వేగాన్ని ఇరవై నిమిషాలకు మించవద్దని ఆ విమానానికి ఆంక్ష విధించవలసివచ్చినది.

వేడిమాట వచ్చినది గనుక కొయ్య చూపలేని విషయం ఒకటి చెప్పవలసి ఉన్నది. కాంకార్డ్ కొలత ఎప్పుడూ ఒకటే కాదు. పదునెనిమిది వేల మీటర్ల ఎత్తున, బయట ఎముకలు కొరికే చలిలో, గాలి ఒరిపిడికి దాని మొన 127 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కేది. దేహం మొత్తం పదిహేను నుండి ఇరవై అయిదు సెంటీమీటర్ల వరకు సాగేది. సాగినప్పుడు ఫ్లైట్ ఇంజనీరు పరికరాల పలకకు, ప్రక్క గోడకు మధ్య ఒక సందు ఏర్పడేది. నేలకు దిగి చల్లారితే మూసుకొనేది. సేవ ముగిసే రోజులలో కొందరు ఇంజనీర్లు తమ టోపీలను ఆ సందులో ఉంచినారు. విమానం చల్లబడగానే అవి అక్కడే బిగుసుకొని ఉండిపోయినవి. ఆ విమానం మరల ఆ వేగంతో ఎగిరితే తప్ప టోపీ బయటికి రాదు.

మొన సంగతి కూడ అంతే. ముక్కు పైకెత్తి దిగే విమానంలో పైలటుకు ముందున్న రన్‌వే కనిపించదు. కాబట్టి మొనను బయలుదేరేటప్పుడు 5 డిగ్రీలు, దిగేటప్పుడు 12.5 డిగ్రీలు క్రిందికి వంచేవారు. చెక్కేవాడు ఏదో ఒక స్థితిని ఎంచుకొనవలసి వస్తుంది. ఎక్కువమంది మొన నిటారుగా ఉంచుతారు, అందం కోసం. వంచి చెక్కిన బొమ్మయే నా కంటికి ఎక్కువ నిజాయితీగా తోస్తుంది. ఆ విమానం ఎంత ఇబ్బందిమీద నేలకు దిగేదో అది చెబుతుంది.

కొయ్య మౌనంగా ఉంటుంది. కాంకార్డ్ మౌనంగా ఉండలేదు. న్యూయార్కు విమానాశ్రయం దాని మోతకు భయపడి తలుపు తెరవలేదు. న్యాయస్థానాలలో వాదం నడిచిన పిమ్మట 1977 నవంబరులో గాని అక్కడికి సేవ మొదలు కాలేదు. మూడున్నర గంటలలో అట్లాంటిక్ దాటించే ఆ ప్రయాణపు టిక్కెట్టు ధర, ఆ విమానానికి పన్నులు కట్టిన సామాన్య ఆంగ్లేయునికి, ఫ్రెంచి పౌరునికి అందుబాటులో లేదు. ఇంతటి శాస్త్రప్రతిభ, ఇంతటి ప్రజాధనం కొద్దిమంది ధనికుల సమయం మిగల్చడానికి వినియోగపడినదన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం. సుడిగాలి రెక్కను ఊహించినవారి ప్రతిభకు ఈ విమర్శవల్ల లోటు లేదు.

2000 జూలై 25న పారిస్ నుండి బయలుదేరిన ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ చక్రం రన్‌వేమీద పడి ఉన్న ఒక లోహపు ముక్కను తొక్కినది. టైరు పగిలి, దాని తునక రెక్క అడుగుభాగాన్ని తాకి, ఇంధనపు తొట్టి చీలి మంటలు లేచినవి. విమానంలోని 109 మంది, గొనెస్ అనే ఊరిలో అది కూలినచోట నలుగురు మరణించినారు. తొట్టెలకు లోపలి కవచం, గట్టి టైర్లు అమర్చి 2001 నవంబరులో మరల నడిపినారు గాని, అప్పటికి ప్రయాణికుల సంఖ్య తగ్గి, మరమ్మతుల ఖర్చు పెరిగినది. ఎయిర్ ఫ్రాన్స్ 2003 మే నెలలో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అక్టోబరు 24న సేవ ముగించినవి. నవంబరు 26న ఒక కాంకార్డ్ తాను పుట్టిన ఫిల్టన్‌కు చేరి దిగినది. దాని తరువాత ఏ కాంకార్డూ ఎగురలేదు.

లండన్ హీత్రో విమానాశ్రయ ప్రవేశద్వారం వద్ద కూడలిలో ఒక కాంకార్డ్ నమూనా చాలకాలం ఉండేది. బల్లమీద పట్టే బొమ్మ కాదది. అసలు విమానంలో నూటికి నలుబది వంతుల పరిమాణం, అంటే పొడవు సుమారు 25 మీటర్లు. ఇంటికి తిరిగివచ్చేవారికి, విదేశాలనుండి దిగినవారికి మొదట కనిపించేది అదే. విమానం విరమించిన నాలుగేండ్ల తరువాత, 2007లో, దానిని అక్కడినుండి తొలగించినారు. మరుసటి సంవత్సరం ఆ స్థలంలో ఎమిరేట్స్ సంస్థ రంగులతో, అయిదువందల మందిని మోయగల ఎయిర్‌బస్ 380 నమూనా వెలసినది. తొలగించిన కాంకార్డ్ బొమ్మ బ్రూక్‌లాండ్స్ మ్యూజియంకు చేరినది. అసలు కాంకార్డ్ ఒకటి అక్కడ అప్పటికే ఉన్నది. బొమ్మను బాగుచేసి, కొత్త రంగు వేసి, మ్యూజియం వాకిట నిలబెట్టినారు.